నోట్లను చదువుదాం, నోట్లను దాచుదాం

ఈసారి మన గోడపత్రికకు డబ్బు నోట్ల సేకరణ గురించి రాస్తున్నాను. స్టాంపులు దాచినట్టే నోట్లు దాచి, వాటిని చదివేవాళ్ళు ఉన్నారు. ఇది డబ్బున్నోళ్ళ పని అనుకోవద్దు. పది రూపాయల నోటుతో మొదలుపెట్టొచ్చు.

1. నోటు యాడ పుడుతుంది?

మన రిజర్వు బ్యాంకు 1935 ఏప్రిల్ 1న ఏర్పడింది. దాని మొదటి నోటు 1938లో వచ్చిన ఐదు రూపాయల నోటు. ఇప్పుడు నోట్లు నాసిక్, దేవాస్, మైసూరు, సాల్బోనిలో అచ్చవుతాయి. నోటు కాగితం పత్తితో చేస్తారు. అందుకే జేబులో తడిసినా మామూలు కాగితం లాగా చినగదు.

2. నోటులో ఏమేమి చూడాలి?

భాషలు: వెనకవైపు పట్టీలో 15 భాషలు ఉంటాయి. పైనుంచి లెక్కపెడితే తెలుగు 14వది, దాని కింద ఉర్దూ. హిందీ, ఇంగ్లీషు వేరేగా పెద్దగా ఉంటాయి. రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలులో 22 భాషలు ఉన్నా, ఆదివాసుల భాషలైన సంతాలీ, బోడో నోటు మీద లేవు.

సంతకం: రిజర్వు బ్యాంకు గవర్నరు సంతకం ఉంటుంది. 2003 నుంచి 2008 వరకు మన పక్క జిల్లా కడపకు చెందిన వై. వేణుగోపాల్ రెడ్డి గారు, 2008 నుంచి 2013 వరకు దువ్వూరి సుబ్బారావు గారు గవర్నర్లు. సుబ్బారావు గారు ఉద్యోగం మొదట్లో గిరిజన ప్రాంతమైన పార్వతీపురంలో సబ్ కలెక్టరుగా పనిచేసినారు. రూపాయి నోటు మీద మాత్రం గవర్నరు సంతకం ఉండదు, కేంద్ర ఆర్థిక కార్యదర్శి సంతకం ఉంటుంది. ఆ నోటు అచ్చు 1994లో ఆపి, 2015లో మళ్ళీ మొదలుపెట్టినారు.

సంవత్సరం: 2005 నుంచి నోటు వెనక అచ్చయిన సంవత్సరం వేస్తున్నారు.

చుక్క: నంబరులో నక్షత్రం గుర్తు ఉంటే, అచ్చులో చెడిపోయిన నోటుకు బదులుగా వచ్చిన నోటు అని అర్థం. చిన్న నోట్లకు ఇది 2006లో మొదలైంది. అది దొంగ నోటు కాదు.

బొమ్మ: 50 నోటు వెనక హంపి రాతిరథం. 2000 నోటు వెనక 2013లో మన శ్రీహరికోట నుంచి పోయిన మంగళయాన్. పాత ఐదు నోటు వెనక ట్రాక్టరు.

3. చదవడం రాకపోతే ఏమవుతుంది?

మా చెంచుగూడెంలో మా అవ్వ తేనె, చింతపండు అమ్మిన డబ్బు రేకుడబ్బాలో దాచేది. 2016 నవంబరు 8 రాత్రి పాత 500, 1000 నోట్లు రద్దు చేసినారు. బ్యాంకులో వేయడానికి డిసెంబరు 30 వరకే గడువు. ఆ మాట గూడేనికి వచ్చింది గానీ, తన డబ్బాలో ఉండేవి ఆ నోట్లేనని అవ్వకు తెలియలేదు. తర్వాత అంగడికి తీసుకుపోతే చెల్లవన్నారు. "గాంధీతాత ఉండాడు గదా, ఎందుకు చెల్లదు?" అని అవ్వ అడిగింది. మూడు నోట్లు, 1500 రూపాయలు, ఒక ఎండాకాలం కష్టం.

ఆ మూడూ ఇప్పుడు నా దగ్గర ఉన్నాయి. 2017 చట్టం ప్రకారం రద్దయిన నోట్లు పదికి మించి ఉంచుకోకూడదు, చదువు కోసం, సేకరణ కోసం అయితే 25 వరకు ఉంచుకోవచ్చు.

4. ఎట్లా సేకరించాలి?

బ్యాంకుకు పోయినప్పుడు కౌంటరులో పాత ఒకటి, రెండు, ఐదు నోట్లు వచ్చినాయా అని మర్యాదగా అడగండి. అవి ఇంకా చెల్లుతాయి, అంతే డబ్బు ఇచ్చి మార్చుకోవచ్చు. విదేశీ నోట్లు పెద్ద ఊళ్ళలో రిజర్వు బ్యాంకు అనుమతి ఉన్న మార్పిడి ఆఫీసుల్లో దొరుకుతాయి. మన రాయలసీమ నుంచి కువైట్ పోయినవాళ్ళ ఇళ్ళల్లో దినారు చూడొచ్చు. ఒక్క దినారు 250 రూపాయల కంటే ఎక్కువ.

పెద్ద నోటు దాచలేకపోతే దిగులు వద్దు. నోటుబుక్కులో విలువ, సంవత్సరం, సంతకం, బొమ్మ రాసుకుని నోటు ఖర్చుపెట్టుకోండి. నేను అట్లే చేస్తున్నాను. దాచిన నోటుకు పిన్ను కొట్టవద్దు, జిగురు పూయవద్దు.

5. జాగ్రత్తలు

పాత నోటుకు లక్షలు ఇస్తామని ఫోను చేసి ముందు ఫీజు కట్టమంటే నమ్మొద్దు. రిజర్వు బ్యాంకు 2021లోనే ఈ మోసం గురించి హెచ్చరించింది. చినిగిన నోటు పారేయొద్దు, బ్యాంకులో మార్చుకోవచ్చు. 20 వరకు నోట్లకు సగం కంటే ఎక్కువ ముక్క ఉంటే పూర్తి విలువ ఇస్తారు. 50, ఆ పైన నోట్లకు 80 శాతం కంటే ఎక్కువ ఉంటే పూర్తి విలువ, 40 నుంచి 80 శాతం ఉంటే సగం.

6. సెలవుల్లో చేయవలసిన పని

ఇంటికి పోయినప్పుడు అవ్వాతాతలకు నోట్లు నేర్పండి. కొత్త 100 నోటు మీద తడిమితే త్రిభుజం, అంచున 4 గీతలు. 500 నోటు మీద గుండ్రం, 5 గీతలు. కళ్ళు సరిగా కనిపించకపోయినా వేళ్ళకు తెలుస్తుంది. రంగులు, బొమ్మలు మారినా ఈ గుర్తులు పట్టుకుంటే ఎవరూ మోసం చేయలేరు.

ప్రశ్నలు: మీ దగ్గరున్న నోటు ఏ సంవత్సరానిది? సంతకం ఎవరిది? తెలుగులో ఏమని రాసి ఉంది? జవాబులు రాసి గోడపత్రిక పెట్టెలో వేయండి.

ఇట్లు,
9వ తరగతి విద్యార్థిని, గడివేముల