శాస్త్రజ్ఞుని పనిముట్లు

ఖమ్మమునుండి భద్రాచలమునకు పోవు దారిలో టేకుచెట్లు గల అడవులు కానవచ్చును. అచ్చట చెట్ల పెరుగుదలను తెలిసికొనగోరు పరిశోధకుడు ప్రతి మ్రాను చుట్టుకొలతను నేలనుండి 1.37 మీటర్ల ఎత్తున కొలిచి, పుస్తకమున వ్రాసికొనును. ఎండకును వానకును ఓర్చి సేకరించిన ఆ అంకెలు పిమ్మట కంప్యూటరునకు చేరును. అచ్చట చిన్న పొరపాటు జరిగినను మాసముల శ్రమ వ్యర్థమగును.

ఇది ఊహ కాదు. జీవశాస్త్రజ్ఞులు ఒక జన్యువునకు ‘సెప్ట్ 2’ అని పేరిడిరి. పట్టికలు వ్రాయుటకు వాడెడి ఎక్సెల్ అను సాధనము దానిని సెప్టెంబరు 2వ తేదీగా మార్చివేసెను! ఎక్సెల్‌లో జన్యువుల పట్టికలు జతపరచిన వ్యాసములను 2016లో పరిశీలింపగా, ఇంచుమించు ఐదింట ఒకదానియందు ఇట్టి తప్పులు కనబడెను. తుదకు 2020 నాటికి అట్టి జన్యువుల పేర్లనే మార్చవలసివచ్చెను.

ఇట్టి లోపమునకు విరుగుడు విద్యయే. 1998లో గ్రెగ్ విల్సన్, బ్రెంట్ గోర్డా అనువారు అమెరికాలోని లాస్ అలమాస్ జాతీయ ప్రయోగశాలలో శాస్త్రజ్ఞులకు కంప్యూటరు పనితనమును నేర్ప నారంభించిరి. ఆ బోధనకు ‘సాఫ్ట్‌వేర్ కార్పెంట్రీ’, అనగా సాఫ్ట్‌వేరు వడ్రంగము, అని పేరు. ఎంత తగిన పేరు! మన వడ్రంగి శిష్యునికి మొదటనే రథము చెక్కుట నేర్పడు. ఉలికి పదును పెట్టుట, రంపము పట్టుట, కొలిచి గీత గీసిన పిమ్మటనే కోయుట నేర్పును. అట్లే శాస్త్రజ్ఞుడును మూలమైన అంకెలను చెక్కుచెదరక భద్రపరచుట, మరల మరల చేయు పనికి చిన్న ప్రోగ్రామును వ్రాయుట, ప్రతి మార్పును నమోదు చేయుట, ఫలితమును పరీక్షించుట నేర్చుకొనవలెను.

పనిముట్టు నెరుగని చేతికి మేలైన టేకుదుంగ చిక్కినను పీట తయారుకాదు. అడవిలో సరిగా కొలిచిన అంకె తుదివరకు సరిగా నిలిచినప్పుడే అది శాస్త్రమగును.