బృందవాద్యం నుంచి ఏకవాద్యానికి

(గద్యభాగం – వ్యాసం)

పాఠ్యభాగ ఉద్దేశం: పదిమంది మధ్య పేరు తెలియకుండా పనిచేసిన కళాకారుడు బృందాన్ని వీడి ఒంటరిగా వేదికనెక్కినప్పుడు ఆయన కళను ఏ ప్రమాణాలతో అంచనా వేయాలి? వైణిక విద్వాంసుడు చిట్టిబాబు కళాజీవితం ఆధారంగా ఈ ప్రశ్నను విద్యార్థుల చేత ఆలోచింపజేయడం ఈ పాఠం ఉద్దేశం.

కడప మండలంలో పుట్టి పెరిగినవారికి పెన్నానది స్వభావం తెలియనిది కాదు. గండికోటకు ఎగువన చిత్రావతి, కమలాపురం సమీపంలో పాపఘ్ని వచ్చి పెన్నలో కలుస్తాయి. కలిసిన క్షణం నుంచి వాటి నీరు ఉంటుంది గాని పేరు ఉండదు. ప్రవాహమంతా పెన్నయే. బృందంలో చేరిన వాద్యకారుని స్థితి ఇటువంటిదే. అతని నాదం పాటకు పుష్టినిస్తుంది. అయితే వినేవారికి వినిపించేది పాట మాత్రమే. నదిలో కలిసిన ఉపనది తిరిగి వేరుపడలేదు. మనిషి మాత్రం వేరుపడగలడు. ఆ వేరుపాటు సాహసమా, అహంకారమా, అవసరమా అన్నది విచారించదగిన విషయం.

చల్లపల్లి చిట్టిబాబు 1936 అక్టోబరు 13న కాకినాడలో జన్మించారు. తండ్రి రంగారావు వీణాప్రియులు. కుమారుడు అయిదేళ్ల ప్రాయంలోనే వీణ చేతబట్టాడు. పన్నెండేళ్లకు తొలి కచేరి చేశాడు. ఆ తరువాత ద్రాక్షారామంలో జన్మించిన మహావైణికులు ఈమని శంకరశాస్త్రి గారి శిష్యరికం లభించింది. బాలుని ప్రతిభను మొదట వాడుకున్నది సినిమా రంగం. 1949లో వెలువడిన ‘లైలా మజ్ను’ చిత్రంలో ఆయన బాలనటుడుగా కనిపించారు. పిమ్మట మద్రాసు స్టూడియోలలోని వాద్యబృందాలలో వైణికుడుగా స్థిరపడ్డారు.

ఆ రోజుల సినీ వాద్యబృందం ఎట్టిదో తెలిసిననాడే ఆయన తరువాత చేసిన నిర్ణయం విలువ తెలుస్తుంది. పాట మొత్తం మూడు నాలుగు నిమిషాలు. అందులో పల్లవికి, చరణానికి నడుమ వీణకు లభించేది కొన్ని క్షణాలు. ఆ కొద్ది వ్యవధిలో సంగీత దర్శకుడు కోరిన భావం పలకాలి. ఒక్కరు తప్పినా పాటంతా మళ్లీ మొదటికి వచ్చేది. గ్రామఫోను రికార్డు మీద గాయకుల పేరు, సంగీత దర్శకుని పేరు ఉండేవి. వీణ వాయించినవారి పేరు సాధారణంగా ఉండేది కాదు. అయినా చేతినిండా పని, నిలకడైన ఆదాయం ఉండేవి. కచేరి విద్వాంసునికి ఈ భరోసా లేదు. సభవారు పిలిస్తేనే వేదిక, శ్రోతలు మెచ్చితేనే మరొక పిలుపు.

1960ల తొలినాళ్లలో చిట్టిబాబు ఈ భరోసాను వదలుకొని కచేరి రంగానికి అంకితమయ్యారు. ఆయనకు గురువే ఒక మార్గదర్శకుడు. శంకరశాస్త్రి గారు కూడా జెమినీ స్టూడియోలో పనిచేసి, పిమ్మట ఆకాశవాణిలో చేరి, వీణకు విశిష్టమైన వేదికను సంపాదించినవారే. ఎవరెస్టు శిఖరారోహణాన్ని స్వరాలలో చిత్రించిన ‘ఆదర్శ శిఖరారోహణం’ వారి కృతి. అంతకు పూర్వం వయొలిన్ విషయంలో ద్వారం వెంకటస్వామినాయుడు గారు ఇటువంటి మార్పునే సాధించారు. గాత్రానికి పక్కవాద్యంగా కూర్చున్న వయొలిన్‌తో 1938లో వెల్లూరులో తొలి ఏకవాద్య కచేరి చేసి, అది తనంత తాను సభను రంజింపజేయగలదని నిరూపించారు. కనుక తెలుగునాట ఏకవాద్యం పట్ల ఆకాంక్ష ఏ ఒక్కరి అహంకారం వల్లనో పుట్టినది కాదు. వాద్యానికి తనదైన వాక్కు ఉన్నదన్న విశ్వాసం నుంచి పుట్టినది.

చిట్టిబాబు వీణలోని ప్రత్యేకత ఏమిటి? వీణపై మైనంలో నిలిపిన ఇరవై నాలుగు మెట్లు, వాయించే తంత్రులు నాలుగు, తాళానికి మూడు. కుడిచేతి వేలితో మీటిన తరువాత ఎడమచేతితో తంత్రిని మెట్టుపై పక్కకు లాగితే స్వరం పైకి సాగుతుంది. గమకం పుట్టేది ఆ లాగుడులోనే. ఒకే మీటుకు ఎన్ని స్వరాలు పలికితే అంత గానధర్మం. చిట్టిబాబు మీటులోని బరువును, తేలికను ఎంతో నేర్పుతో మార్చి, ఒకచోట గంభీరంగాను, మరొకచోట గుసగుసగాను పలికించేవారు. వేదఘోషను, కోయిల కూతను సైతం వీణపై వినిపించారు. కీర్తనలతోపాటు సొంత స్వరకల్పనలు చేసి, ‘మ్యూజింగ్స్ ఆఫ్ ఎ మ్యూజిషియన్’ వంటి రికార్డులను వెలువరించారు.

ఇచ్చట ఒక సూక్ష్మాన్ని గమనించాలి. ఈ నేర్పు స్టూడియోను విడిచిన పిమ్మట హఠాత్తుగా వచ్చినది కాదు. కొన్ని క్షణాలలో భావాన్ని పలికించవలసిన నిర్బంధమే ఆయనకు క్లుప్తతను నేర్పింది. మైకు ముందు వాయించిన అనుభవమే సన్నని ధ్వని విలువను తెలిపింది. బృందాన్ని వీడినవాడు బృందం నేర్పిన విద్యను వీడలేదు. సినిమాతో సంబంధమూ పూర్తిగా తెగలేదు. 1964 నాటి తమిళ చిత్రం ‘కలైకోవిల్’లో కథానాయకుని వీణానాదం ఆయనదే. 1974లో సింగీతం శ్రీనివాసరావు దర్శకత్వంలో వచ్చిన ‘దిక్కట్ర పార్వతి’కి ఆయనే సంగీత దర్శకుడు. అయితే ఈసారి ఆయన వెళ్లినది గుంపులో ఒకడుగా కాదు, తన పేరుతో.

ఇటువంటి కథ పాశ్చాత్య దేశాలలోనూ ఉన్నది. ఇంగ్లండుకు చెందిన బీటిల్స్ రాక్ బృందంలో జార్జ్ హారిసన్ గిటారు వాద్యకారుడు. ఆ బృందం పాటలలో అధికభాగం మిగిలినవారిలో ఇద్దరు సభ్యులు రచించినవే. ఒక్కొక్క ఆల్బంలో హారిసన్ పాటలకు లభించిన చోటు స్వల్పం. 1970లో బృందం విడిపోగా, అదే సంవత్సరం ఆయన మూడు రికార్డుల సంపుటిని వెలువరించారు. ఏళ్ల తరబడి చోటు దొరకక నిలిచిపోయిన పాటలెన్నో అందులో ఉన్నాయి. ఆయన మన రవిశంకర్ వద్ద సితారు నేర్చినవారు. 1971 ఆగస్టు 1న బంగ్లాదేశ్ శరణార్థుల సహాయార్థం న్యూయార్కులో వారిరువురూ కలిసి కచేరి నిర్వహించారు. గిటారుపై తంత్రిని పక్కకు నెట్టి స్వరాన్ని సాగదీయడం, వీణపై తంత్రిని లాగి గమకం పలికించడం ఒకే సూత్రంపై ఆధారపడినవి. సంప్రదాయాలు వేరైనా తంత్రి ధర్మం ఒక్కటే.

ఏకవాద్యకారుని విషయంలో శ్రోతలు సాధారణంగా రెండు పొరపాట్లు చేస్తారు. మొదటిది, పాత బృందపు ధ్వనినే కొత్త కచేరిలో వెదకడం. అది దొరకకపోతే నిరాశ, దొరికితే కొత్తదనం లేదన్న నింద. రెండవది, ‘ఎందుకు విడిపోయాడు?’ అన్న ప్రశ్నతోనే తృప్తిపడడం. కళను ఆస్వాదించగోరేవారు అడుగవలసిన ప్రశ్న వేరు. ‘ఇంతకాలం చెప్పడానికి వీలులేని మాట ఏదైనా ఇప్పుడు చెప్పాడా?’ అన్నదే అది. చిట్టిబాబు ప్రయోగాలు వీణ గౌరవానికి తగినవేనా అని సంప్రదాయ ప్రియులు సందేహించడం సహజం. ఆ సందేహాన్ని తోసిపుచ్చనక్కరలేదు. కోయిల కూతకు చప్పట్లు కొట్టిన శ్రోత ఆ తరువాత వాయించిన రాగాలాపనను కూడా నిలిచి విన్నాడా అన్నది చూడాలి. వింటే ఆ కూత వాకిలి అయినట్లు. వినకపోతే అది కేవలం వినోదం.

మరొక సత్యం కూడా ఉన్నది. ఏకవాద్యం అన్నది పేరుకే ఏకం. మృదంగం తోడు లేనిదే వీణ కచేరి నిండుగా నడవదు. గురువు నేర్పిన బాణీ వేళ్లలో ఉంటుంది. వీణను మలచిన వడ్రంగి పనితనం ప్రతి స్వరంలో ఉంటుంది. బృందాన్ని వీడిన కళాకారుడు ఒంటరివాడు కాడు. తన మాటకు తాను బాధ్యత వహించేవాడు. స్టూడియోలో తప్పు దొర్లితే మళ్లీ వాయించవచ్చు. సభలో దొర్లిన తప్పు వాయించినవానిదే, మెప్పు కూడా వానిదే.

1990లో కేంద్ర సంగీత నాటక అకాడమీ పురస్కారం చిట్టిబాబును వరించింది. 1996 ఫిబ్రవరి 9న ఆయన పరమపదించారు. పాటల నడుమ పేరు లేకుండా మెరిసిన ఆయన మీటును నేడు ఎన్ని పాటలలో గుర్తుపట్టగలమో చెప్పలేము. సొంత కచేరీల రికార్డులను మాత్రం మొదటి స్వరంలోనే గుర్తుపట్టగలము. ఆ గుర్తింపు కోసమే ఆయన నెల తిరిగే ఆదాయాన్ని వదలుకున్నారు. అది సరియైన బేరమే అని ఆ నాదం నేటికీ సాక్ష్యమిస్తున్నది.

కఠిన పదాలు – అర్థాలు

వైణికుడు = వీణ వాయించేవాడు
తంత్రి = తీగ
గమకం = స్వరాన్ని కదిలించి, సాగదీసి పలికించే పద్ధతి
బాణీ = శైలి, సంప్రదాయ పద్ధతి
క్లుప్తత = తక్కువలో ఎక్కువ చెప్పడం

అభ్యాసం

అ) ఈ క్రింది ప్రశ్నలకు ఇరవై పంక్తులలో సమాధానాలు రాయండి.
1. చిట్టిబాబు ఏకవాద్య జీవితానికి వాద్యబృందంలోని అనుభవం ఏ విధంగా తోడ్పడింది?
2. ఏకవాద్యకారుని కళను అంచనా వేయడంలో శ్రోతలు చేసే పొరపాట్లను వివరించండి.

ఆ) సందర్భసహిత వ్యాఖ్య రాయండి.
1. “బృందాన్ని వీడినవాడు బృందం నేర్పిన విద్యను వీడలేదు.”
2. “ఏకవాద్యం అన్నది పేరుకే ఏకం.”

ఇ) మీ ఊరి దేవాలయ ఉత్సవాలలో వాయించే మేళాన్ని శ్రద్ధగా వినండి. అందులో ఒక్కొక్క వాద్యం ఎప్పుడు ముందుకు వస్తుందో, ఎప్పుడు వెనుకకు తగ్గుతుందో గమనించి పది పంక్తులలో రాయండి.