పాత సరుకు వదిలిన ఇంటెల్: గ్రోవ్ వేసిన లెక్క

నిల్వ ఉన్న సరుకు ధర పడిపోతుంటే వర్తకుడు ముందుగా తలచుకునేది తన కొనుబడి ధరనే. మార్కెట్టు మాత్రం ఆ ధరను ఎరుగదు. అమెరికాలోని ఇంటెల్ కంపెనీకి ఒకప్పుడు ఈ చిక్కే వచ్చింది.

1968లో స్థాపితమైన ఇంటెల్‌కు మొదట పేరు తెచ్చినవి మెమరీ చిప్‌లు. 1980 దశకంలో జపాను కంపెనీలు నాణ్యమైన చిప్‌లను చౌకగా దింపడంతో ధరలు కూలాయి. ఎవరి చిప్ అయినా చేసే పని ఒకటే గనుక, కొనేవాడు ధర ఒక్కటే అడుగుతాడు. మిర్చికైనా రంగును బట్టి రేటు తేడా ఉంటుంది, దీనికి అదీ లేదు.

1985లో అప్పటి ప్రెసిడెంటు ఆండ్రూ గ్రోవ్, చైర్మన్ గోర్డన్ మూర్‌ను అడిగారు: మనలను తొలగించి కొత్త అధికారిని తెస్తే అతడేమి చేస్తాడు? మెమరీ వ్యాపారం మానేస్తాడని మూర్ జవాబు. ఆ పని మనమే ఎందుకు చేయరాదన్నారు గ్రోవ్. 1996 నాటి తన పుస్తకంలో ఆయనే ఈ సంగతి వ్రాశారు.

ప్రశ్నలోని కిటుకు గమనించదగ్గది. కొత్తవాడికి పాత పెట్టుబడి మీద మమకారముండదు. నేటి ధర, రేపటి గిరాకీ, ఇవే అతడి లెక్క.

వదులుకోవడం తేలికగా జరగలేదు. ఫ్యాక్టరీలు మూతపడ్డాయి, వేలాదిమంది ఉద్యోగాలు పోయాయి. 1986లో నష్టం 17 కోట్ల డాలర్లు దాటింది. అయితే చేతిలో రెండవ సరుకు సిద్ధంగా ఉన్నదని మరువరాదు. 1981 నాటి ఐ.బి.యం. పర్సనల్ కంప్యూటరులోనిది ఇంటెల్ ప్రాసెసరే. అంతకుముందు తన ప్రాసెసర్లను ఇతరులనూ తయారుచేయనిచ్చిన ఇంటెల్, 1985లో వెలువరించిన 386ను పోటీ కంపెనీల చేతికివ్వలేదు. 1987లో మళ్లీ లాభం కళ్లజూసింది.