అమెరికా రాజ్యాంగం – అప్పులపాలైన రైతులు

(తృతీయ సంవత్సరం బి.ఎస్సీ. విద్యార్థి)

అమెరికా రాజ్యాంగం అనగానే మనకు గుర్తొచ్చేవి వాషింగ్టన్ పేరు, ఫిలడెల్ఫియా నగరం, 1787 అనే సంవత్సరం. పరీక్షకు అవి చాలు. కాని ఆ రాజ్యాంగం అప్పుడే, ఆ రూపంలోనే ఎందుకు పుట్టింది అని అడిగితే మాత్రం అప్పులపాలైన కొందరు రైతుల కథ చెప్పుకోక తప్పదు. నేను సైన్సు విద్యార్థిని. చరిత్ర నా సబ్జెక్టు కాదు. అయితే రైతు ఇంట పుట్టినవాణ్ణి కనక అప్పు, పన్ను, కోర్టు అనే మూడు మాటలు ఒక్కచోట కనబడితే నా చూపు అక్కడ ఆగిపోతుంది. ఆ చూపుతో రాసిన వ్యాసం ఇది.

తాళంచెవి లేని పెత్తనం

1776లో స్వాతంత్ర్యం ప్రకటించుకున్న 13 రాష్ట్రాలు తమలో తాము ఒక కట్టుబాటు రాసుకున్నాయి. దాని పేరు సమాఖ్య నిబంధనలు. 1781 మార్చి 1న అది అమలులోకి వచ్చింది. ఇంగ్లండు రాజు చేతిలో పడ్డ బాధలు ఇంకా పచ్చిగానే ఉన్నాయి. అందుచేత కేంద్రానికి బలమివ్వడమంటే అందరికీ భయం. కాంగ్రెసు యుద్ధం చెయ్యవచ్చు, అప్పు తేవచ్చు. పన్ను మాత్రం వెయ్యకూడదు. దేశాధ్యక్షుడు లేడు, జాతీయ న్యాయవ్యవస్థ లేదు. ఒక్క నిబంధన మార్చాలన్నా 13 రాష్ట్రాలూ ఒప్పుకోవాలి. దిగుమతుల మీద నూటికి అయిదు సుంకం వేద్దామని 1781లో కాంగ్రెసు అడిగితే, మరుసటి ఏడు రోడ్ ఐలండ్ అనే అతి చిన్న రాష్ట్రం కాదన్నది. అది అక్కడితో ఆగిపోయింది. ఇంటి పెత్తనం అప్పగించి, ఇనప్పెట్టె తాళంచెవి ఇవ్వకపోతే ఆ సంసారం ఎట్లా సాగుతుందో ఉమ్మడి కుటుంబాల్లో పెరిగిన మనకు వేరే చెప్పనక్కర లేదు.

కోర్టుకు అడ్డం నిలిచిన రైతులు

యుద్ధంలో చేసిన అప్పు తీర్చడానికి మసాచుసెట్స్ రాష్ట్రం భారీ పన్నులు వేసింది. వాటిని నాణేలలోనే కట్టాలన్నది. పడమటి పల్లెల్లో పంట ఉంది, పశువులున్నాయి, నాణెం లేదు. కట్టలేనివాడి గొడ్డూ గోదా, భూమీ జప్తుకు పోయేవి. కొందరు జైలుకూ పోయారు. వీళ్ళలో చాలామంది స్వాతంత్ర్య యుద్ధంలో పోరాడినవాళ్ళే. వాళ్ళకు జీతంగా దొరికిన కాగితాల విలువ మాత్రం పడిపోయింది. కాగితపు డబ్బు విడుదల చెయ్యండి, పన్ను తగ్గించండి, కోర్టు ఖర్చులు తగ్గించండి అని ఊరూరా సభలు పెట్టి అర్జీలు పంపుకున్నారు. శాసనసభ సరిగా చెవిన పెట్టలేదు.

1786 ఆగస్టు 29న నార్తాంప్టన్‌లో వందలాది మంది కూడి కోర్టు జరగనివ్వలేదు. లెక్క సులువే: కోర్టు కూర్చోకపోతే తీర్పు లేదు, తీర్పు లేకపోతే జప్తు లేదు. యుద్ధంలో కెప్టెనుగా పనిచేసిన డేనియల్ షేస్ అనే రైతు నాయకుల్లో ఒకడయ్యాడు. సైన్యానికి ఖర్చు పెట్టడానికి ప్రభుత్వం దగ్గర డబ్బు లేక బోస్టన్ వర్తకులు చందాలేసుకున్నారు. 1787 జనవరి 25న స్ప్రింగ్‌ఫీల్డ్ ఆయుధాగారం మీదికి వచ్చిన రైతుల మీద ఫిరంగులు పేలాయి. నలుగురు చనిపోయారు. మిగిలినవాళ్ళు చెల్లాచెదరయ్యారు.

భయం రాసిన నిబంధనలు

నిబంధనలు సవరించాలన్న ఆలోచన అంతకుముందే ఉన్నదే. 1786 సెప్టెంబరులో అన్నాపొలిస్‌లో కొందరు సమావేశమై ఆ మాటే అన్నారు. కాని ఆ ఆలోచనకు తొందర పుట్టించింది ఈ తిరుగుబాటే. స్ప్రింగ్‌ఫీల్డ్ కాల్పులైన నాలుగు వారాలకు, ఫిబ్రవరి 21న, కాంగ్రెసు ఫిలడెల్ఫియా సభకు ఆమోదం తెలిపింది.

మే 25 నుండి సెప్టెంబరు 17 వరకు తలుపులు మూసుకొని చర్చలు జరిపారు. పాల్గొన్నది 55 మంది. సంతకాలు చేసింది 39 మంది. పాతదాన్ని సవరించమని పంపితే కొత్తదాన్నే రాశారు. వాళ్ళకు రెండు భయాలు: పాలకుడు నియంత అవుతాడేమోనని ఒకటి, జనం కట్టు తప్పుతారేమోనని మరొకటి. అందుకే ప్రతి బలానికీ ఒక ఎదురుబలం పెట్టారు. శాసనం కాంగ్రెసుది, అమలు అధ్యక్షుడిది, తీర్పు న్యాయస్థానానిది. అధ్యక్షుడు శాసనాన్ని తిప్పి పంపవచ్చు. ఉభయసభలూ మూడింట రెండు వంతుల మెజారిటీతో ఆయన మాటను తోసిపుచ్చవచ్చు.

ఆ రైతుల జాడ రాజ్యాంగంలో స్పష్టంగానే కనబడుతుంది. రాష్ట్రాలు కాగితపు డబ్బు ముద్రించరాదు. ఒప్పందాలను, అనగా అప్పు పత్రాలను కూడా, నీరుగార్చే చట్టాలు చెయ్యరాదు. రాష్ట్రంలో అల్లర్లు చెలరేగి ఆ రాష్ట్రం కోరితే కేంద్రం అణచాలి. రైతులు అడిగిన వాటికి వరసగా తలుపులు మూసినట్లే ఉన్నాయి ఇవి. బానిసల సంగతి మరీ ఘోరం. ప్రతినిధుల లెక్కకు అయిదుగురు బానిసలను ముగ్గురిగా లెక్కించారు. వాళ్ళ దిగుమతిని 1808 వరకు కాంగ్రెసు నిషేధించరాదన్నారు. బానిసత్వం రద్దు కావడానికి అంతర్యుద్ధం దాకా, 1865 దాకా ఆగవలసి వచ్చింది.

ఇద్దరు పల్లెటూరివాళ్ళు

తొమ్మిది రాష్ట్రాలు ఒప్పుకుంటే రాజ్యాంగం అమలవుతుంది. మసాచుసెట్స్ సభలో 1788 జనవరి 25న, అంటే స్ప్రింగ్‌ఫీల్డ్ కాల్పులు జరిగి సరిగ్గా ఏడాదికి, ఇద్దరు పల్లెటూరివాళ్ళు మాట్లాడారు. సట్టన్ నుంచి వచ్చిన ఏమస్ సింగిల్టరీ దీన్ని ఒప్పుకోవద్దన్నాడు. లాయర్లు, చదువుకున్నవాళ్ళు, డబ్బున్నవాళ్ళు తియ్యగా మాట్లాడి మనచేత దీన్ని మింగిస్తున్నారు, రేపు అధికారమూ డబ్బూ చేజిక్కించుకొని మనలాంటి చిన్నవాళ్ళనే మింగేస్తారు అన్నది ఆయన వాదం. లేన్స్‌బరో నుంచి వచ్చిన జొనాథన్ స్మిత్ లేచి, తాను నాగలి పట్టి బతికేవాణ్ణన్నాడు. అరాచకం ఎట్లా ఉంటుందో తన ప్రాంతంలో కళ్ళారా చూశాననీ, రాజ్యాంగం ప్రతి తెచ్చుకొని మళ్ళీ మళ్ళీ చదువుకున్నాననీ, ఏ లాయరునూ అడగలేదనీ, ఆ రోగానికి ఇదే మందని తనకు తోచిందనీ చెప్పాడు. విత్తనం వేశాం, ఇప్పుడు కోతకు వచ్చింది, కోసుకోకపోతే మళ్ళీ పంట దొరకదు అన్న అర్థంలో ముగించాడు.

ఫిబ్రవరి 6న ఓట్లు పడ్డాయి: అనుకూలం 187, వ్యతిరేకం 168. పదిమంది అటునుంచి ఇటు మారితే రాజ్యాంగం ఆ రాష్ట్రంలో ఓడిపోయేది! ఆ గెలుపు కూడా, సవరణలు చెయ్యాలన్న సిఫారసు జతచేస్తేనే వచ్చింది. తర్వాత మరికొన్ని రాష్ట్రాలు అదే దారి పట్టాయి. జూన్ 21న న్యూ హాంప్‌షైర్ తొమ్మిదవదిగా చేరింది. 1789లో మొదటి కాంగ్రెసులో మాడిసన్ సవరణలు ప్రతిపాదించగా, 1791 డిసెంబరు 15న పది సవరణలు అమలులోకి వచ్చాయి. హక్కుల పత్రం అంటే అదే. వాక్ స్వాతంత్ర్యం, మత స్వేచ్ఛ, జ్యూరీ విచారణ అందులోనివే. రాజ్యాంగానికి విరుద్ధమైన చట్టం చెల్లదని 1803లో మార్బరీ కేసులో సుప్రీంకోర్టు తేల్చాక ఆ హక్కులకు మరింత కాపుదల కలిగింది.

మనం నేర్చుకోవలసింది

స్మిత్ కోరిన ప్రభుత్వం వచ్చింది. సింగిల్టరీ ఓడిపోయాడు, కాని ఆయనలాంటివాళ్ళ అనుమానమే హక్కుల పత్రాన్ని తెచ్చింది. కాబట్టి ఆ రాజ్యాంగాన్ని సంతకాలు చేసిన 39 మంది మాత్రమే రాశారనడం సరికాదు. కాదన్నవాళ్ళూ రాశారు. మన రాజ్యాంగంలోని ప్రాథమిక హక్కుల మీద ఆ పత్రం ప్రభావం ఉన్నదన్నది అందరికీ తెలిసిందే. వాటికి విరుద్ధమైన చట్టం చెల్లదన్న సూత్రాన్ని మనవాళ్ళు 13వ అధికరణంలో స్పష్టంగా రాసుకున్నారు కూడా.

మిత్రులారా! మనలో పల్లెల నుంచి వచ్చినవాళ్ళు చాలామందే ఉన్నారు. రాజ్యాంగం లాయర్ల పుస్తకం, మనకెందుకులే అనుకోవద్దు. నాగలి పట్టిన మనిషి ఒకడు ప్రతి తెచ్చుకొని, ఎవరినీ అడక్కుండా చదివి, సభలో లేచి మాట్లాడాడు. డిగ్రీ చదివే మనం ఆ మాత్రం చెయ్యలేమా?