ముసలి ఎద్దుకు లంఖణము మేలు చేయునా?

“లంఖణం పరమౌషధం” అను సామెత మనకు తెలిసినదే. ఉపవాసము వలన ఆయువు పెరుగునను మాట ఈ మధ్య మరింత వ్యాపించినది. దీనికి కొంత ఆధారము లేకపోలేదు. 1935లో అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయమునకు చెందిన మెక్కే, ఆయన సహచరులు, పోషకములు లోపింపకుండ మేత తగ్గించి పెంచిన ఎలుకలు ఎక్కువ కాలము బ్రతికినట్లు చూపిరి. అయితే ఎలుకకు మేలైనది ఎద్దుకును మేలగునని తలచరాదు.

నెమరువేయు పశువునకు రుమెన్ అను పెద్ద పొట్ట కలదు. పెద్ద పశువులో ఇది 100 లీటర్ల వరకు, అంతకు మించియు పట్టును. అందలి ఒక్కొక్క మిల్లీలీటరు ద్రవములో సుమారు 1,000 కోట్ల బాక్టీరియాలుండును. గడ్డిలోని పీచును జీర్ణము చేయునవి ఈ సూక్ష్మజీవులే. పశువు శక్తిలో అధిక భాగము వీని వలననే లభించును. కనుక మనము మేత వేయునది ఎద్దుకు మాత్రమే కాదు, దాని కడుపులోని జీవులకు కూడ.

పస్తు వలన నష్టము: ఒకటి రెండు దినములు మేత లేనిచో ఈ జీవుల సంఖ్య పడిపోవును. ఆ పిమ్మట ఒక్కసారిగా గింజల దాణా పెట్టినచో పొట్టలో లాక్టిక్ ఆమ్లము పెరిగి ప్రాణమునకే ముప్పు రావచ్చును. పనులు లేని వేసవిలో ముసలి ఎద్దును అరకొర మేతతో ఉంచి, దుక్కుల ముందు దాణా కుమ్మరించుట ఇట్టి పొరపాటే. నిండుచూడి పశువులకు, పాలిచ్చు పశువులకు పస్తు మరింత హాని. ఒంటి కొవ్వు కరగి కీటోసిస్ వ్యాధి కలుగవచ్చును.

ఆపవలసిన సమయము: పశువు కట్టు త్రెంచుకొని గింజలు మితిమీరి తినినచో, ఇక తిననీయక వెంటనే పశువైద్యుని పిలువవలెను. ఇది వైద్యములో భాగమే గాని ఉపవాసము కాదు.

పోషణ విధానము: ముసలి పశువునకు దవడపళ్లు అరిగి నమలుట కష్టమగును. పేడలో పొడుగాటి గడ్డిపోచలు కనిపించుట ఇందుకొక గుర్తు. చొప్పను చిన్న ముక్కలుగా నరికి, కొంత పచ్చిమేత కలిపి, వేళ తప్పక కొద్ది కొద్దిగా వేయవలెను. క్రొత్త మేతను పది, పదునాలుగు దినములలో క్రమముగా మార్చవలెను. మంచినీరు ఎల్లప్పుడు అందుబాటులో ఉండవలెను. ఎడమ డొక్కపై పిడికిలి ఆనించి చూచినచో, ఆరోగ్యవంతమైన పశువులో రెండు నిమిషములకు 2, 3 సార్లు పొట్ట కదలిక తెలియును. కదలిక తగ్గినను, నెమరు మానినను ఉపేక్షింపరాదు.

ప్రోబయోటిక్స్: ఇవి మేలుచేయు బ్రతికియున్న సూక్ష్మజీవులు. పశువులకు ఎక్కువగా వాడునది ఈస్టు. ఇది పొట్టలో ఆమ్లము పెరుగకుండ తోడ్పడును. దీనిని వేడి కుడితిలో కలిపినచో చచ్చిపోవును. చల్లని దాణాలోనే కలుపవలెను. మేత సరిగా లేనిచో దీని వలన ప్రయోజనము స్వల్పము. జీర్ణశక్తి బొత్తిగా చెడినప్పుడు ఆరోగ్యవంతమైన పశువు పొట్టలోని ద్రవమును రోగి పశువునకు ఎక్కించుట పూర్వము నుండి ఉన్న చికిత్స. దీనిని వైద్యుడే చేయవలెను. మనము గొట్టముతో పోసినచో ద్రవము ఊపిరితిత్తులలోనికి పోవచ్చును.

ఏండ్ల తరబడి మన పొలము దున్నిన ఎద్దుకు ముసలితనములో కావలసినది పస్తు కాదు. నమలగలిగిన మేత, తప్పని వేళ.