అటకలో వాన

మినెసోటాలో జనవరి నెల. వారం రోజులుగా బయట మైనస్ 20 డిగ్రీలు. తర్వాత ఒకరోజు ఎండ కాసి కాస్త వేడెక్కింది. మధ్యాహ్నానికి మేడ మీద గదిలో సీలింగు నుంచి టప్ టప్ మని నీటి చుక్కలు! బయట వాన లేదు. పైకప్పుకు చిల్లు పడిందేమో అని పెద్దవాళ్ళు కంగారు పడతారు. కానీ చాలాసార్లు చిల్లేమీ ఉండదు. ఆ నీళ్ళు మన ఇంట్లోవే!

ఇండియాలో అమ్మమ్మగారింట్లో అటక అంటే గోడకు పైన కట్టిన పెద్ద అర. ఇత్తడి బిందెలు, పాత ట్రంకు పెట్టెలు అక్కడ పెడతారు. ఇక్కడ పైకప్పుకీ సీలింగుకీ మధ్య ఉన్న ఖాళీ జాగాని కూడా మనం అటక అనే అంటాం. చలికాలంలో ఆ జాగా బయటలాగే చల్లగా ఉంటుంది. ఉండాలి కూడా.

ఇడ్లీ కుక్కర్ మూత తీస్తే ఆవిరి గుప్పున లేస్తుంది కదా. అన్నం వండినా, వేణ్ణీళ్ళ స్నానం చేసినా, ఇంట్లో బట్టలు ఆరేసినా ఆవిరే. మన ఊపిరిలోనూ ఉంది. అద్దం మీద ఊది చూడండి. ఈ తేమ ఉన్న వెచ్చని గాలి పైకి పోతుంది. లైట్ల చుట్టూ, వైర్ల కన్నాల్లో, అటక తలుపు అంచుల్లో ఉన్న సందుల్లోంచి అటకలోకి దూరుతుంది. చల్లని చెక్కలకు తగిలి తెల్లని మంచై పేరుకుంటుంది. మేకుల మొనల మీద ముందు కనిపిస్తుంది, ఎందుకంటే ఇనుము చెక్క కంటే త్వరగా చల్లబడుతుంది. రోజూ కొంచెం కొంచెంగా పేరిన మంచు, ఎండ రాగానే ఒక్కసారిగా కరుగుతుంది. ఏటా ఇలాగే తడిస్తే చెక్కకు బూజు పట్టి, చివరికి కుళ్ళిపోతుంది.

"నాన్నా, అటకలో హీటర్ పెడితే సరిపోదా?"

"వద్దమ్మా. అప్పుడు కప్పు మీది మంచు కూడా కరిగి, చూరు దగ్గర మళ్ళీ గడ్డకడుతుంది. దాని వెనక నిలిచిన నీళ్ళు షింగిల్స్ కిందకి పోతాయి."

"మరి ఇన్సులేషన్ ఇంకా వేయిస్తే?"

"ముందు సందులు మూయించాలి. ఇన్సులేషన్ దుప్పటి లాంటిది, దాంట్లోంచి గాలి దూరిపోతుంది."

స్నానాలగది ఫ్యాన్ గొట్టం ఎక్కడికి వెళ్తోందో కూడా పెద్దవాళ్ళని చూడమనండి. కొన్ని ఇళ్ళల్లో అది బయటికి వెళ్ళదు, అటకలోనే ఆగిపోతుంది! అంటే ఆవిరినంతా మనమే తీసుకెళ్ళి అటకలో పోస్తున్నట్టు. చూరు కింద గాలి ఆడే కన్నాలను ఇన్సులేషన్‌తో మూసెయ్యకూడదు. హ్యుమిడిఫయర్ ఉంటే, చలి బాగా పెరిగినప్పుడు తగ్గించాలి. స్నానం అయ్యాక 20 నిమిషాలు ఫ్యాన్ వేసి ఉంచడం మాత్రం మీ పని. మీరు అటక ఎక్కకండి. దూలాల మధ్య కాలు పెడితే సీలింగు విరిగి కింద పడతారు.

కొత్త మాటలు: చూరు – గోడ దాటి బయటికి వచ్చిన కప్పు అంచు. పేరుకోవడం – కొంచెం కొంచెంగా చేరడం. అటకెక్కడం – ఏదైనా పని మూలన పడటం ("ఆటల్లో పడితే చదువు అటకెక్కింది").

ప్రశ్నలు
1. ఎండ వచ్చిన రోజే నీళ్ళు ఎందుకు కారాయి?
2. మీ ఇంట్లో ఆవిరి పుట్టే చోట్లు ఐదు రాయండి.
3. మీ స్నానాలగది ఫ్యాన్ గాలి ఎక్కడికి పోతోంది? ఇంట్లో అడిగి, మూడు వాక్యాల్లో రాయండి.