ఫెర్రీ టికెట్ కంటే ముందు లీవ్, వీసా

బ్రిటన్‌లో ఉద్యోగం చేస్తూ సొంత బైక్ మీద యూరప్ వెళ్లాలనుకున్న మనవాళ్లు మొదట చేసే పని డోవర్–కలే ఫెర్రీకి తక్కువ రేటు వెతకడం. నిజానికి అది చివర చేయాల్సిన పని. ముందు లీవ్ అప్రూవ్ చేయించుకోండి. మేనేజర్ నోటిమాట చాలదు, సిస్టమ్‌లో పడాలి. ఆ తర్వాత షెంగెన్ వీసా. మనకు ఇక్కడి వర్క్ వీసా ఉన్నా అది తప్పదు. ఫీజు 90 యూరోలు. ప్రయాణానికి 6 నెలల ముందు నుంచే అప్లై చేసుకోవచ్చు, 15 రోజుల కంటే తక్కువ ఉంటే కుదరదు. ఏ దేశంలో ఎక్కువ రోజులు ఉంటారో ఆ దేశానికే పెట్టాలి. కలేలో దిగుతున్నాం కదా అని ఫ్రాన్స్‌కు పెట్టి, సెలవంతా స్పెయిన్‌లో తిరుగుతామంటే చిక్కు తెచ్చుకున్నట్టే.

వీసాకు ప్రయాణ ప్లాన్ చూపించాలి కాబట్టి టికెట్ ముందే కొనాల్సి వస్తే, తేదీ మార్చుకునే వీలున్నదే కొనండి. అన్నిటికంటే తక్కువ రేటు టికెట్లకు మామూలుగా డబ్బు వెనక్కి రాదు. వీసా వారం ఆలస్యమైతే మిగిల్చింది మొత్తం పోతుంది.

ఇప్పుడు రేటు సంగతి. రెడింగ్‌లో ఉన్న ఒకాయనకు పది రోజుల సెలవు, వెళ్లాల్సింది ఉత్తర స్పెయిన్ కొండలకు అనుకుందాం. డోవర్–కలే గంటన్నర ప్రయాణం, టికెట్ చౌక. పోర్ట్స్‌మత్–శాంటాండర్ ఒక రోజు పైనే పడుతుంది, క్యాబిన్‌తో కలిపి చూస్తే రేటు గుండె గుభేలుమంటుంది. కానీ కలే నుంచి స్పెయిన్ సరిహద్దు వెయ్యి కిలోమీటర్ల పైమాటే. రానూపోనూ పెట్రోల్, ఫ్రాన్స్ టోల్, దారిలో హోటళ్లు, వెనక టైరు అరుగుదల, అన్నిటికంటే ముఖ్యంగా హైవే మీద పోయే మూడు నాలుగు రోజుల లీవ్, ఇవన్నీ కాగితం మీద వేసి చూడండి. చాలాసార్లు పెద్ద ఫెర్రీయే చౌకని తేలుతుంది. వెళ్లేది బెల్జియమో పారిస్ చుట్టుపక్కలో అయితే లెక్క తిరగబడుతుంది. అప్పుడు డోవర్ నుంచి డన్‌కర్క్ కూడా చూడండి. అరగంట ఎక్కువ పడుతుంది గానీ తరచుగా రేటు తక్కువ. నార్మండీకైతే న్యూహేవెన్–డియప్, నాలుగు గంటలు.

జర్మనీ, నెదర్లాండ్స్ వైపు వెళ్లే ఉద్యోగులకు నేను చెప్పేది హ్యారిచ్–హుక్ ఆఫ్ హాలండ్ రాత్రి ఫెర్రీ. శుక్రవారం పని ముగించుకుని ఎక్కితే తెల్లారేసరికి అవతలి ఒడ్డున ఉంటారు. క్యాబిన్ తీసుకోక తప్పదు. హోటల్ ఖర్చు, ఒక రోజు లీవ్ మిగులుతాయి.

జూలై చివరి నుంచి ఆగస్టంతా ఇక్కడ స్కూళ్లకు సెలవులు, రేట్లు ఎక్కువగానే ఉంటాయి. టీమ్‌లో పిల్లలున్న అందరూ ఆగస్టే అడుగుతారు. మీకు స్కూలు పిల్లలు లేకపోతే సెప్టెంబర్‌లో వారం మధ్య రోజులు అడగండి. లీవ్ సులువుగా దొరుకుతుంది, టికెట్టూ తగ్గుతుంది.

పోర్టు దాకా వెళ్లి వెనక్కి రావాల్సి వచ్చేది కాగితాల దగ్గరే. సీబీటీ (కొత్త రైడర్ల ప్రాథమిక శిక్షణ) సర్టిఫికెట్ మీద విదేశంలో బండి నడపకూడదు, ఫుల్ లైసెన్స్ ఉండాలి. వీ5సీ (బండి రిజిస్ట్రేషన్ పత్రం) ఒరిజినల్ వెంట పెట్టుకోండి. అద్దె లేదా లీజు బండైతే దాన్ని విదేశానికి తీసుకెళ్లేందుకు వీఈ103 పత్రం కావాలి. ఇక్కడి ఇన్సూరెన్స్ యూరప్‌లో కనీస థర్డ్ పార్టీకే పనికొస్తుంది, అంతకుమించి కవర్ లేకపోతే మీ బండి పోయినా పైసా రాదు. ఫోన్ చేసి కాంప్రహెన్సివ్ కవర్ ఎన్ని రోజులకో అడగండి. ఈమధ్య పాస్‌పోర్ట్ రెన్యూ చేయించి ఉంటే, కొత్త నంబరు మీ బ్రిటన్ ఈవీసా ఖాతాలో చేర్చారో లేదో చూసుకోండి. అది మర్చిపోతే తిరిగొచ్చేటప్పుడు చెక్-ఇన్ దగ్గరే ఆపేయొచ్చు.

బండి ఎక్కించేటప్పుడు తొందర పనికిరాదు. ర్యాంపు, డెక్ రెండూ ఇనుపవి, తడిగా, నూనె మరకలతో జారుతుంటాయి. నెమ్మదిగా, ముందు బ్రేక్ గట్టిగా నొక్కకుండా పోనివ్వండి. సైడ్ స్టాండ్ వేసి, ఫస్ట్ గేర్‌లో ఉంచి, అలారం మోషన్ సెన్సార్ ఆపేయండి. సీటు మీద ప్యాడ్ వేసి స్ట్రాప్ బిగిస్తారు. సిబ్బంది బిగించినా మీరొకసారి లాగి చూడండి, కట్టింది వదులైతే పడేది మీ బండే. ప్రయాణంలో డెక్‌కు తాళం వేసేస్తారు కాబట్టి పాస్‌పోర్ట్, మందులు, చార్జర్ ముందే పైకి తెచ్చుకోండి. ఓడలో భోజనం ఖరీదు, డబ్బా కట్టుకెళ్లడం మంచిదే. పులిహోరకు ఇబ్బంది లేదు గానీ బ్రిటన్ నుంచి పాల పదార్థాలు, మాంసం యూరప్‌లోకి తీసుకెళ్లకూడదు. పెరుగన్నం ఓడ దిగేలోపే తినేయాలి.

లాప్‌టాప్ తీసుకెళ్లి అక్కణ్నుంచే రెండు రోజులు పనిచేసేస్తానని మాత్రం అనుకోకండి. టూరిస్టు వీసా పనికోసం కాదు, మీ కంపెనీ సెక్యూరిటీ పాలసీ కూడా ఒప్పుకోకపోవచ్చు.

సోమవారం పొద్దున మీటింగ్ ఉంటే తిరుగు టికెట్ ఆదివారం రాత్రికి తీసుకోకండి. 2025 అక్టోబర్‌లో యూరప్ కొత్త ఎంట్రీ–ఎగ్జిట్ సిస్టమ్ మొదలుపెట్టింది, సరిహద్దు దగ్గర ఎంతసేపు పడుతుందో ముందే చెప్పలేం. గాలి ఎక్కువైతే ఫెర్రీలు రద్దవుతాయి. కాస్త ఎక్కువ పడినా శనివారానికే తీసుకోండి.